ఇంటర్ ఎంపీసీ విద్యార్థికి ఏపీ పరీక్షలు: ఎన్ని, ఏవి, ఏ మే నెలలో

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ అబ్బాయి హైదరాబాదులోని ఒక జూనియర్ కళాశాలలో ఈ జూన్‌లోనే ఎంపీసీ మొదటి సంవత్సరంలో చేరాడు. ఇంటర్ పూర్తయ్యాక అతణ్ణి అమెరికాలో కంప్యూటర్ సైన్సు గానీ ఇంజినీరింగు గానీ చదివించాలన్నది మీ ఆలోచన. ఒక కన్సల్టెన్సీ వారు కనీసం ఆరు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాయనిదే పేరున్న విశ్వవిద్యాలయాలు దరఖాస్తును చూడనైనా చూడవని మీకు చెప్పారు. అది నిజమా, నిజమైతే ఏ సబ్జెక్టులు ఎప్పుడు రాయించాలి, ఇంటర్ చదువుతూ ఇది సాధ్యమేనా అన్నవి మీ సందేహాలు.

ఆరు అక్కరలేదు. వచ్చే మే నెలలో రెండు పరీక్షలు రాసి, ఆ రెండింటిలో గరిష్ఠ స్కోరైన 5 తెచ్చుకుంటే అడ్మిషన్‌కు అవి చాలు. ఆ తరువాతి మే నెలలో ఇంకొకటో రెండో రాయించాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దానికి కారణాలూ వేరు, లెక్కలూ వేరు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ విద్యార్థులకు గణితం చెప్పాను, గత పన్నెండేళ్లుగా వారిలో కొందరిని ఏపీ కాల్క్యులస్‌కు సిద్ధం చేస్తున్నాను. ఈ విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది సబ్జెక్టుల ఎంపికలో కాదు, ఏ సంవత్సరం రాయించాలన్న విషయంలో. అందుకే సబ్జెక్టుల కన్నా ముందు కాలం గురించి రాస్తున్నాను.

ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో హైస్కూలు విద్యార్థులు స్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి పాఠాలు చదివి, వాటిపై ఒక ఉమ్మడి పరీక్ష రాసే ఏర్పాటు ఇది. 1950లలో మొదలైంది, అక్కడి కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన శాట్‌ను నిర్వహించే కాలేజ్ బోర్డే 1955 నుంచి దీన్నీ నడుపుతోంది. పరీక్షలు ఏటా మే నెల మొదటి రెండు వారాల్లో జరుగుతాయి, ఫలితాలు జూలై మొదట్లో వస్తాయి. ఒక్కో పరీక్షకు 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. మన విద్యార్థులకు అనుకూలమైన సంగతి ఏమిటంటే, పరీక్ష రాయడానికి ఆ కోర్సును స్కూల్లో చదివి ఉండాలన్న నిబంధన లేదు. అంతర్జాతీయ పాఠశాలల్లో ఉండే ఐబీ డిప్లొమా అయితే ఆ స్కూల్లో చేరి రెండేళ్లూ ఆ పద్ధతిలోనే చదవాలి, దాన్ని ఇంటర్‌తో పాటు నడిపించడం కుదరదు. ఏపీలో ఒక్క సబ్జెక్టు ఎంచుకుని, సొంతంగా చదువుకుని, ఒక్క పరీక్ష రాయవచ్చు. సెమినార్, రీసెర్చ్ అనే రెండు కోర్సులు మాత్రం ఇందుకు మినహాయింపు. అవి గుర్తింపు పొందిన పాఠశాలల్లో చదివేవారికే.

ఇక కాలం సంగతి. అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు ఇంటర్ రెండవ సంవత్సరం మధ్యలోనే వెళ్లిపోతాయి. ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబరు 1, మామూలు దరఖాస్తులకు జనవరి మొదటి వారం గడువుగా ఉంటాయి. మార్చి చివరికల్లా చాలా విశ్వవిద్యాలయాలు నిర్ణయాలు చెప్పేస్తాయి, మే 1 నాటికి విద్యార్థి తన సమాధానం చెప్పాలి. అంటే రెండవ సంవత్సరం పరీక్షలన్నీ అయ్యాక, ఆ మే నెలలో రాసే ఏపీ స్కోరు జూలైలో చేతికి వచ్చేసరికి అడ్మిషన్ వ్యవహారం పూర్తిగా ముగిసిపోయి ఉంటుంది. దరఖాస్తులో కనబడే స్కోరు కావాలంటే అది మొదటి సంవత్సరం చివర, అంటే మీ అబ్బాయికి వచ్చే మే నెలలో రాసినదే కావాలి. మన ఊళ్లలో చాలామంది రెండవ సంవత్సరం అయిపోయాక తీరిగ్గా రాయిద్దామని వాయిదా వేసి, డబ్బు కట్టి, రాత్రింబవళ్లు చదివించి, అడ్మిషన్‌కు దేనికీ పనికిరాని వేళ స్కోరు తెచ్చుకోవడం నేను ఏటా చూస్తున్నాను. ఆ పిల్లల శ్రమ చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

ఆరు పరీక్షల మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా తెలుసుకోవడం మంచిది. ఇరవై ఏపీ కోర్సులు చెప్పే అమెరికన్ స్కూల్లో చదివే విద్యార్థి ఒక్కటీ తీసుకోకపోతే అడ్మిషన్ అధికారులు ఎందుకని అడుగుతారు. మీ అబ్బాయి కళాశాలలో ఏపీ అనేదే లేదు. విద్యార్థిని అతని స్కూలు ఇచ్చిన అవకాశాల నేపథ్యంలోనే చూస్తామని అక్కడి విశ్వవిద్యాలయాలు చెబుతాయి, కాబట్టి ఏపీ లేకపోవడం ఇంటర్ విద్యార్థికి లోటుగా లెక్కకు రాదు. మరైతే రెండైనా ఎందుకు? ఇంటర్ మార్కులు అక్కడివారికి వెంటనే అర్థమయ్యే కొలమానం కాకపోవడం ఒక కారణం. వెయ్యికి 980 వచ్చిందంటే మనకు తెలిసినంత స్పష్టంగా వారికి తెలియదు. ఇంకొక కారణం, 2021 వరకు మన విద్యార్థులు గణితం, ఫిజిక్సు, కెమిస్ట్రీలలో తమ పట్టు చూపించుకోవడానికి రాసే శాట్ సబ్జెక్టు టెస్టులను కాలేజ్ బోర్డు ఆ ఏడాది పూర్తిగా ఎత్తివేసింది. ఆ ఖాళీని ఇప్పుడు ఏపీ నింపుతోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అడ్మిషన్‌లో శాట్‌ను అసలు చూడదు. అక్కడ దరఖాస్తు చేసే ఇంటర్ విద్యార్థికి ఏపీ స్కోరు మరింత ఉపయోగపడుతుంది. యేల్ విశ్వవిద్యాలయం 2024లో తెచ్చిన విధానంలో శాట్‌కు బదులు ఏపీ స్కోర్లు ఇవ్వడానికి కూడా వీలు కల్పించింది. ఈ అవసరాలన్నింటికీ రెండు మంచి స్కోర్లు సరిపోతాయి. ఆరు రాసి మూడింటిలో 3 తెచ్చుకున్న విద్యార్థి కన్నా, రెండు రాసి రెండింటిలోనూ 5 తెచ్చుకున్న విద్యార్థి గురించి చదివేవారికి స్పష్టమైన అభిప్రాయం ఏర్పడుతుంది.

ఏ రెండు అన్నదానికి నా సమాధానం కాల్క్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ మెకానిక్స్. ఫిజిక్సుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిక నిర్ణయం. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో మీ అబ్బాయి చదివే చలనం, న్యూటన్ నియమాలు, పని, శక్తి, ద్రవ్యవేగం, భ్రమణ చలనం, డోలనాలు, గురుత్వాకర్షణ, ఇవే దాదాపుగా ఆ పరీక్ష సిలబస్. మన పాఠ్యక్రమానికీ ఏపీకీ ఇంత దగ్గరి పొంతన ఇంకెక్కడా లేదు. దీని జంట పరీక్ష ఎలక్ట్రిసిటీ అండ్ మ్యాగ్నెటిజం. ఆ పాఠాలు మనకు రెండవ సంవత్సరంలో వస్తాయి కాబట్టి దాన్ని ఇప్పుడు తలపెట్టవద్దు. ఫిజిక్స్ 1, ఫిజిక్స్ 2 అని మరో రెండు పరీక్షలు ఉన్నాయి. అవి కాల్క్యులస్ లేని కోర్సులు, ఇంజినీరింగు వైపు వెళ్లేవారికి వాటితో పని లేదు.

పాఠాలు ఒకటే అయినంత మాత్రాన పరీక్ష కూడా ఒకటే అనుకోకండి. 2025 నుంచి అమలులో ఉన్న పద్ధతిలో మెకానిక్సులో 80 నిమిషాల్లో 40 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 100 నిమిషాల్లో 4 పెద్ద ప్రశ్నలు ఉంటాయి. ఆ నాలుగింటిలో ఒకటి ప్రయోగానికి సంబంధించినది. ఫలానా రాశిని కొలవాలి, ఏ పరికరాలతో ఎలా కొలుస్తావు, ఏ రాశులను గ్రాఫుగా గీస్తే సరళరేఖ వస్తుంది, ఆ రేఖ వాలు నుంచి కావలసిన విలువ ఎలా రాబడతావు అని అడుగుతారు. మన కళాశాలల్లో ల్యాబ్ అంటే రెండవ సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకు ముందు రికార్డు రాసుకోవడంగా మారిపోయింది. అందువల్ల లెక్క ఎంత కఠినంగా ఇచ్చినా చేసే పిల్లలు ఈ ప్రశ్న దగ్గర కలం ఆపేస్తారు. మరొక ప్రశ్నలో ముందు లెక్క చేయకుండా, కేవలం కారణం చెబుతూ ఏ వేగం ఎక్కువో రాయమంటారు. తరువాత సూత్రం రాబట్టి ఆ రెండు సమాధానాలు ఎలా పొసుగుతాయో వివరించమంటారు. దీనికి కావలసిన సాధన సమస్యల పుస్తకాలతో రాదు. గత సంవత్సరాల పెద్ద ప్రశ్నలను, వాటికి మార్కులు ఎలా వేశారో చెప్పే సూచనలను కాలేజ్ బోర్డు తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచుతుంది. వారానికి రెండు చొప్పున అవి రాసి, ఆ సూచనలతో సరిచూసుకోవడమే మార్గం.

ఇక కాల్క్యులస్. ఇందులో ఏబీ, బీసీ అని రెండు పరీక్షలు ఉన్నాయి. ఏబీ సిలబస్ మొత్తం బీసీలో ఉంటుంది, పైగా మరికొన్ని అధ్యాయాలు ఉంటాయి. బీసీ రాసినవారికి ఏబీ భాగానికి వేరుగా ఒక ఉపస్కోరు కూడా ఇస్తారు కాబట్టి రెండూ రాయవలసిన పని లేదు. ఇటీవలి సంవత్సరాలలో బీసీ రాసినవారిలో 40 శాతానికి పైగా 5 తెచ్చుకుంటున్నారు. అది పరీక్ష తేలిక అని కాదు, గట్టిగా సిద్ధమైనవారే దాన్ని ఎంచుకుంటారని అర్థం.

మీ అబ్బాయికి ఇక్కడ ఒక నిజమైన ఇబ్బంది ఉంది. మన ఇంటర్ గణితంలో లిమిట్స్, డిఫరెన్షియేషన్, దాని ఉపయోగాలు మొదటి సంవత్సరంలో వస్తాయి. ఇంటిగ్రేషన్, డెఫినిట్ ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రెండవ సంవత్సరంలో. బీసీ పరీక్షలో ఇంటిగ్రేషన్, దాని ఉపయోగాలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు కలిపి మూడో వంతుకు దగ్గరగా ఉంటాయి. అంటే వచ్చే మే నెలకు బీసీ రాయాలంటే రెండవ సంవత్సరం గణితంలో ఆ మూడు అధ్యాయాలను ఈ డిసెంబరు, జనవరి నెలల్లోనే ముందుగా చదువుకోవాలి. చాలా కళాశాలలు జేఈఈ కోసం, ఫిజిక్సు కోసం ఇంటిగ్రేషన్ మొదట్లోనే కొంత చెబుతాయి కాబట్టి పూర్తిగా కొత్త విషయం కాదు. అయితే ఇంటర్ రెండేళ్లు పూర్తి చేసినా ఎక్కడా తగలని కొన్ని అంశాలు బీసీలో ఉన్నాయి. అనంత శ్రేణులు ఏ షరతులపై అభిసరిస్తాయో తేల్చే పరీక్షలు, టేలర్, మెక్లారిన్ శ్రేణులు, పోలార్ వక్రాల వైశాల్యం, స్లోప్ ఫీల్డులు, ఆయిలర్ పద్ధతి, లాజిస్టిక్ సమీకరణం అటువంటివి. వీటిలో శ్రేణుల అధ్యాయం పెద్దది, దానికి కనీసం ఆరు వారాలు పట్టుతుంది. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ వంటివి అమెరికన్ విద్యార్థులకు బీసీలో కష్టమైన భాగాలు. మనవాళ్లకు ఇంటర్‌లో అంతకన్నా కఠినమైన లెక్కలు అలవాటవుతాయి. ఈ లాభనష్టాలు బేరీజు వేస్తే, గణితంలో చురుకైన విద్యార్థి ఇప్పుడు ఆగస్టులో మొదలుపెట్టి మే నెలకు బీసీలో 5 తెచ్చుకోవచ్చు. జనవరి చివరికి ఇంటిగ్రేషన్ కుదురుకోకపోతే మాత్రం పట్టుదలకు పోకుండా ఏబీకి మారండి. ఏబీలో 5 గౌరవమైన స్కోరే. రిజిస్ట్రేషన్ అప్పటికే బీసీకి అయిపోయి ఉంటే మార్చుకోవడానికి అదనపు రుసుము పడవచ్చు. సెంటరు వారిని ముందే అడిగి ఉంచుకోండి.

పరీక్ష స్వరూపం గురించి నేను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా విద్యార్థులు స్కోరు పోగొట్టుకున్నది తెలియక కాదు, రాయడం రాక. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేసే వేగం మీ అబ్బాయికి రెండేళ్లూ నేర్పుతారు. కాల్క్యులస్ పరీక్షలో స్కోరులో సగం 45 బహుళైచ్ఛిక ప్రశ్నలది. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏదీ వదలకూడదు. ఆ సగంలో మనవాళ్లకు తిరుగుండదు. మిగిలిన సగం 90 నిమిషాల్లో రాయవలసిన 6 పెద్ద ప్రశ్నలది, ఒక్కొక్కటికి 9 పాయింట్లు. ఒక చెరువులోకి నీరు చేరే వేగం ఫలానా సమయాల్లో ఇంత అని పట్టిక ఇస్తారు. ఫలానా కాల వ్యవధిలో ఎక్కడో ఒకచోట ఆ వేగం మారే రేటు ఇంతే ఉండి తీరాలా, కారణం రాయమంటారు. జవాబు మధ్యమ మూల్య సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఉంది. కానీ ఫంక్షన్ డిఫరెన్షియబుల్ కాబట్టి కంటిన్యువస్ కూడా అన్న ఒక్క వాక్యం రాయకపోతే పాయింటు రాదు. గరిష్ఠ విలువ ఇక్కడే ఎందుకు అంటే, డెరివేటివ్ గుర్తు ధనం నుంచి ఋణానికి మారింది కాబట్టి అని మాటల్లో రాయాలి. గుర్తుల పట్టిక గీసి వదిలేస్తే ఒప్పుకోరు. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌లో ఇంటిగ్రేట్ చేసినప్పుడు స్థిరాంకం పెట్టడం మరిచిపోతే ఆ ప్రశ్నలో ఆ తరువాత వచ్చే పాయింట్లలో ఎక్కువభాగం పోతాయి. నేను మొదటిసారి సిద్ధం చేసిన విద్యార్థులలో ఒకడు ఐఐటీ స్థాయి లెక్కలు అలవోకగా చేసేవాడు, కానీ అతనికి 4 వచ్చింది. ప్రతి ప్రశ్నకూ జవాబు సరిగ్గా రాబట్టాడు, ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు. అతనికి వాక్యాలు రాయడం నేర్పనిది నేనే. అప్పటి నుంచి మొదటి వారంలోనే లెక్క కన్నా ముందు కారణం రాయించడం మొదలుపెట్టాను.

కాలిక్యులేటరు విషయం కూడా మనకు కొత్తదే. ఇంటర్‌లో గానీ జేఈఈలో గానీ దాన్ని ముట్టుకోనివ్వరు. కాల్క్యులస్ పరీక్షలో 15 బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 2 పెద్ద ప్రశ్నలకు గ్రాఫింగ్ కాలిక్యులేటరు తప్పనిసరి. దానితో గ్రాఫు గీయడం, సమీకరణం మూలాలు కనుక్కోవడం, ఒక బిందువు వద్ద డెరివేటివ్ విలువ, డెఫినిట్ ఇంటిగ్రల్ విలువ రాబట్టడం రావాలి. కోణాలు రేడియన్లలో ఉన్నాయో లేదో చూసుకోవాలి, జవాబు మూడు దశాంశ స్థానాల వరకు సరిగ్గా ఉండాలి. ఇంతకుముందు ఆ యంత్రాన్ని విదేశాల నుంచి తెప్పించుకోవలసి వచ్చేది. 2025 నుంచి పరీక్ష బ్లూబుక్ అనే యాప్‌లో జరుగుతోంది, అందులో డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటరు ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు మానుకోవచ్చు. కాల్క్యులస్, ఫిజిక్సులలో ప్రశ్నలు తెరపై కనబడతాయి, పెద్ద ప్రశ్నలకు జవాబులు మాత్రం కాగితంపై చేత్తో రాయాలి. బ్లూబుక్‌ను ఉచితంగా దింపుకుని ఇంట్లోనే సాధన చేయించండి.

కంప్యూటర్ సైన్సు చదవాలనుకునే విద్యార్థి కంప్యూటర్ సైన్స్ ఏ రాయనక్కరలేదా అని మీరు అడగవచ్చు. ఆ పరీక్ష పూర్తిగా జావా భాషలో ఉంటుంది, నాలుగు ప్రోగ్రాములు రాయాలి. మీ అబ్బాయి స్కూల్లో ఉన్నప్పుడే ఏదో ఒక భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, దానిపై ఇష్టంతో ఉన్నట్లయితే మెకానిక్సు బదులు దీన్ని తీసుకోవచ్చు. ఎంపీసీలో ఆ సబ్జెక్టే లేదు కాబట్టి ఈ స్కోరు అతని ఆసక్తికి నిదర్శనంగా నిలుస్తుంది. ఇప్పటివరకు ఒక్క ప్రోగ్రామూ రాయని విద్యార్థికి ఇంటర్ మొదటి ఏడాదిలో కొత్తగా మొదలుపెట్టించడం నేను సలహా ఇవ్వను. ఇక కెమిస్ట్రీ మన విద్యార్థులను తికమక పెడుతుంది. ఇంటర్‌లో ఎంతో సమయం తినే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏపీలో దాదాపుగా లేదు. అణువుల మధ్య ఆకర్షణ బలాలు, సమతాస్థితి, చర్యా వేగం, ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రాలు చదివి అర్థం చెప్పడం వంటివి లోతుగా అడుగుతారు. బైపీసీ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే వారికొక మాట: ఏపీ బయాలజీ మన బోటనీ, జువాలజీల్లా వర్ణనలు, వర్గీకరణలు అడగదు. కణం, జన్యుశాస్త్రం, పరిణామం, జీవావరణం మీద ప్రయోగ ఫలితాలను ఇచ్చి విశ్లేషించమంటుంది. బట్టీ పట్టి వెళ్లినవారు నిరాశపడతారు.

రెండవ సంవత్సరం మే నెలలో మరికొన్ని రాయించాలా అన్నది క్రెడిట్ల మీద ఆధారపడిన ప్రశ్న. ఏపీ స్కోరు చూపిస్తే కాలేజీ మొదటి సంవత్సరం కోర్సు చదివినట్టే లెక్క వేసే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి, కానీ నియమాలు ఒక్కోచోట ఒక్కో రకం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 3, ఆపైన వచ్చిన స్కోరుకు యూనిట్లు ఇస్తుంది. ఏ కోర్సుకు బదులుగా ఒప్పుకోవాలన్నది క్యాంపస్, విభాగం నిర్ణయిస్తాయి. టెక్సాస్ రాష్ట్రంలో 2015లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా 3కే క్రెడిట్ ఇవ్వాలి. ఎంఐటీ కాల్క్యులస్ బీసీలో 5 ఉంటేనే తన మొదటి కాల్క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు. బ్రౌన్ విశ్వవిద్యాలయం డిగ్రీకి కావలసిన కోర్సుల లెక్కలో ఏపీని కలపదు.

కన్సల్టెన్సీలు ఇక్కడ చెప్పే లెక్క తల్లిదండ్రులను తప్పుదారి పట్టిస్తుంది. ఏడాదికి ట్యూషన్ 40,000 డాలర్లు, ఏడాదికి 30 క్రెడిట్లు అనుకుంటే, ఒక్కో క్రెడిట్ 1,333 డాలర్లు, కాబట్టి నాలుగు క్రెడిట్ల ఒక్క ఏపీ అయిదు వేల డాలర్లు మిగుల్చుతుందని వారు చెబుతారు. చాలా విశ్వవిద్యాలయాల్లో పూర్తికాలపు విద్యార్థికి సెమిస్టరుకు ఒకే ట్యూషన్ ఉంటుంది, పన్నెండు క్రెడిట్లు తీసుకున్నా పదిహేను తీసుకున్నా ఒకటే రుసుము. పైగా ఎఫ్-1 వీసాపై ఉన్న డిగ్రీ విద్యార్థి ప్రతి సెమిస్టరులో సాధారణంగా 12 క్రెడిట్లకు తగ్గకుండా చదవాలి; చివరి సెమిస్టరుకు మాత్రం సడలింపు ఉంటుంది. కాబట్టి ఒక పూర్తి సెమిస్టరు తగ్గించగలిగినప్పుడే డబ్బు నిజంగా మిగులుతుంది. అందుకు మూడు నాలుగు సబ్జెక్టుల క్రెడిట్లు కావాలి, అవి డిగ్రీకి పనికివచ్చే కోర్సుల స్థానంలో చేరాలి, ఒకదాని తరువాత ఒకటి చదవవలసిన మేజర్ కోర్సుల వరుస కూడా అంత తక్కువ కాలంలో పట్టాలి. ఇది సాధ్యమే, సాధించినవారు ఉన్నారు. అయితే నేను దీన్ని ముఖ్య లాభంగా చూడను. కాల్క్యులస్‌లో క్రెడిట్ వచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టరులోనే మల్టీవేరియబుల్ కాల్క్యులస్ తీసుకుని, మిగిలిన ఖాళీలో తనకు ఇష్టమైన కోర్సు చదువుకోగలగడమే నా దృష్టిలో పెద్ద లాభం. ఫిజిక్సు క్రెడిట్ వచ్చినా మాత్రం తొందరపడి కోర్సు వదులుకోవద్దని ఇంజినీరింగు చదివేవారికి చెబుతాను. అక్కడి ల్యాబ్ పని మన పిల్లలకు ఎంతో అవసరం.

అందువల్ల రెండవ సంవత్సరం మే నెలకు ఎలక్ట్రిసిటీ అండ్ మ్యాగ్నెటిజం, కెమిస్ట్రీలలో ఒకటి గానీ రెండూ గానీ రాయించాలా అన్నది, ఆ శరదృతువులో మీరు దరఖాస్తు చేయబోయే విశ్వవిద్యాలయాల క్రెడిట్ పట్టికలు ఒక్కొక్కటిగా చదివి నిర్ణయించండి. జాబితాలో ఎక్కువభాగం క్రెడిట్ ఇచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే అయితే రాయించండి, లేకపోతే ఆ రెండు నెలలూ అబ్బాయిని ఊపిరి తీసుకోనివ్వండి. ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చిలో, జేఈఈ మెయిన్ రెండవ విడత ఏప్రిల్‌లో ఉంటాయి. 2025లో తెలంగాణ ఎప్‌సెట్ ఏప్రిల్ 29 నుంచి మే 4 వరకు జరిగితే, ఏపీ పరీక్షలు మే 5న మొదలయ్యాయి. ఇక్కడి సీటు కూడా చేతిలో ఉంచుకోవాలనుకునే కుటుంబం రెండవ సంవత్సరంలో ఏపీలను నెత్తిన పెట్టుకుంటే ఏదో ఒకటి దెబ్బతింటుంది. మొదటి సంవత్సరంలో ఆ ఒత్తిడి లేదు. మార్చిలో ఇంటర్ పరీక్షలు ముగిశాక ఏప్రిల్ నెలంతా సాధనకు దొరుకుతుంది. కళాశాల వారు ఏప్రిల్‌లోనే రెండవ సంవత్సరం తరగతులు మొదలుపెడితే, ఆ ఒక్క నెలకు సెలవు ఇమ్మని ఇప్పుడే ప్రిన్సిపాలుతో మాట్లాడి ఉంచండి.

రిజిస్ట్రేషన్ గురించి. ఏపీకి విద్యార్థి సొంతంగా వెబ్‌సైటులో డబ్బు కట్టి సీటు బుక్ చేసుకోవడం కుదరదు. పరీక్ష నిర్వహించే పాఠశాలలో ఏపీ కోఆర్డినేటరు ఉంటారు, ప్రశ్నపత్రాల ఆర్డరు వారి ద్వారానే కాలేజ్ బోర్డుకు వెళ్లాలి. ఆ ఆర్డరు గడువు నవంబరు మధ్యలోనే ముగుస్తుంది, తరువాత అయితే ఆలస్య రుసుము పడుతుంది. ఇంటర్ కళాశాలలు సాధారణంగా సెంటర్లు కావు కాబట్టి, బయటి విద్యార్థులను అనుమతించే అంతర్జాతీయ పాఠశాల గానీ అధీకృత పరీక్షా కేంద్రం గానీ వెతుక్కోవాలి. అన్ని సెంటర్లూ అన్ని సబ్జెక్టులూ పెట్టవు. కాల్క్యులస్ దొరికినచోట ఫిజిక్స్ సీ దొరకకపోవచ్చు. అందుకే సెప్టెంబరులోనే ఫోన్లు చేయడం మొదలుపెట్టండి. 2025లో అమెరికా బయట ఒక్కో పరీక్షకు రుసుము 129 డాలర్లు, అంటే సుమారు పదకొండు వేల రూపాయలు. సెంటరు తన ఖర్చుల కింద కొంత అదనంగా తీసుకోవచ్చు.

పేరు విషయంలో మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటి ఉంది. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఇచ్చిన పేరు వేర్వేరు గళ్లలో పడతాయి. శాట్‌కు ఒక విధంగా, ఏపీకి మరో విధంగా, దరఖాస్తులో ఇంకో విధంగా పేరు రాసిన ఒక అమ్మాయికి స్కోర్లు రెండు ఖాతాల్లోకి చీలిపోయి, వాటిని కలిపించుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. పాస్‌పోర్టు ఇప్పటికి లేకపోతే ముందు అది తీసుకోండి. అందులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కాలేజ్ బోర్డు ఖాతా తెరిపించి, శాట్‌కూ ఏపీకీ ఆ ఒక్క ఖాతానే వాడండి. దరఖాస్తు సమయంలో చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థి స్వయంగా నమోదు చేసిన స్కోర్లనే చూస్తాయి, అధికారిక స్కోరు చేరేవారి నుంచి మాత్రమే తరువాత అడుగుతాయి. పరీక్ష రాసిన ఏడాది జూన్ 20 లోగా ఒక విశ్వవిద్యాలయానికి ఉచితంగా స్కోరు పంపే వీలుంది. మొదటి సంవత్సరంలో దాన్ని వాడకపోయినా నష్టం లేదు.

దరఖాస్తులో చేయకూడని పని ఒకటి చెప్పాలి. కోచింగ్ తీసుకున్నంత మాత్రాన ఏపీ కోర్సు చదివినట్టు మార్కుల జాబితాలో గానీ దరఖాస్తులో గానీ రాయవద్దు. కోర్సుకు ఏపీ అనే పేరు పెట్టుకోవడానికి పాఠశాల తన పాఠ్య ప్రణాళికను కాలేజ్ బోర్డుకు పంపి ఆమోదం పొందాలి, ఆ ఆమోదం ఉన్న పాఠశాలల జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. మీ అబ్బాయి సొంతంగా చదివి పరీక్ష రాశాడు, ఆ మాటే రాయండి. అందులో దాచవలసినది ఏమీ లేదు. కళాశాలలో లేని పాఠాన్ని తనంతట తాను చదువుకున్న విద్యార్థి అని చదివేవారు గ్రహిస్తారు. కోచింగ్ కూడా తప్పనిసరి కాదు. ఖాన్ అకాడమీలో కాల్క్యులస్ బీసీ పాఠాలు మొత్తం ఉచితంగా ఉన్నాయి, కాలేజ్ బోర్డు తానే యూట్యూబులో పాఠాలు పెట్టింది. శ్రేణుల అధ్యాయానికి, రాసిన జవాబులు దిద్దడానికి మాత్రం ఒక మంచి ఉపాధ్యాయుడి సాయం ఉంటే మేలు, అది నెలకు నాలుగు గంటలైనా చాలు.

ఈ వారంలో మీరు చేయదగిన పని ఒకటి ఉంది. కాలేజ్ బోర్డు సైటు నుంచి గత సంవత్సరపు కాల్క్యులస్ ఏబీ పెద్ద ప్రశ్నలలో డిఫరెన్షియేషన్‌కు సంబంధించినది ఒకటి తీసి, గడియారం పెట్టి పదిహేను నిమిషాలు మీ అబ్బాయి చేత రాయించండి. అతనికి ఇంకా ఆ పాఠం చెప్పకపోయి ఉంటే పాఠం అయ్యేవరకు ఆగి అప్పుడు రాయించండి. జవాబు వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, కారణం రాయమన్నచోట ఏం రాశాడో చూడండి. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెడితే, బీసీకి ఇప్పుడే దిగవచ్చా, ఏబీతో సరిపెట్టుకోవాలా అన్నది నేను చూసి చెబుతాను.